లేని కథకు నాలుగు వాక్యాలు

సమీక్షకు రెండు ప్రతులు పంపాలన్నది మన పత్రికల్లో పాత ఆచారం. ఒకటి ఆఫీసు బీరువాలోకి పోతుంది, ఒకటి సమీక్షకుడి ఇంటికి పోతుంది. రెండిట్లో ఒకటైనా ఎవరో ఒకరు తెరవకపోతారా అని రచయితలు పాపం రెండూ పంపుతారు. గుంటూరు బ్రాడీపేటలో శేషాచలం ఇంటికి వచ్చిన ప్రతి మాత్రం తప్పకుండా తెరుచుకునేది. ముందుమాట అయిపోయేవరకూ తెరిచే ఉండేది.

కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన శేషాచలం ఆదివారం అనుబంధంలో నెలకోసారి 'చదవదగ్గవి' అనే శీర్షిక రాస్తాడు. కొత్తగా వచ్చిన వాటిలో అరడజను పుస్తకాలు ఏరి, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు రాయాలి. నాలుగు వాక్యాల కోసం నాలుగువందల పేజీలు చదవడం గిట్టుబాటు వ్యవహారం కాదని ఆయనకు ఎప్పుడు తోచిందో ఆయనకే గుర్తులేదు. ముందుమాట చదువుతాడు. వెనక అట్ట చూస్తాడు. మధ్యలో వేలు పెట్టి తెరిచి, కంటికి ఆనిన వాక్యాన్ని ఎత్తి రాసుకుంటాడు. ఎవరినీ తిట్టడు కాబట్టి ఆయన మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

ఆ ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ తన శీర్షిక తనే భార్యకు చదివి వినిపించాడు. వాడరేవు పడవల మీద ఒక జాలరి కవిత్వం. పిడుగురాళ్ల సున్నపు బట్టీల చరిత్ర, రాసింది ఖాదర్ వలి అనే రిటైర్డ్ హెడ్మాస్టరు. రాజధానికి భూమిచ్చిన తుళ్లూరు రైతు ఇంటి మీద ఒక నవల. పిల్లలకు పక్షుల పుస్తకం. పాత వంటల పుస్తకం. చివరిది 'పట్టా మీద ఎండ', శ్రీదివ్య అనే టీచరమ్మ మొదటి కథల సంపుటి.

"జాగర్లవారిపాలెం కల్లాల ఘాటు ఈ కథల నిండా పరుచుకుని ఉంది," అని గొంతు సవరించుకుని చదివాడు. "ముఖ్యంగా 'తాలు' కథ. తాను కాపలా ఉన్న కల్లంలోనే మిరపకాయలు తీసుకునే ఆ దొంగ మీద పాఠకుడికి కోపం రాదు, జాలి కలుగుతుంది. దొంగ చేతిని కూడా కళ్లకద్దుకోవాలనిపించేలా రాయడం మాటలు కాదు."

భార్య బాలత్రిపురసుందరి బీరకాయ చెక్కు తీస్తోంది. "బాగుంది. ఈ ఆరింట్లో ఎన్ని చదివారేమిటి?" అంది.

"అన్నీ చూశాను."

"చూశారా, చదివారా?"

"సున్నపు బట్టీలది పూర్తిగా చదివాను. మిగతావి... నువ్వు వంట చేసేటప్పుడు అన్నం అంతా పట్టి చూస్తావా? ఒక్క మెతుకు చాలదూ?"

"ఆ మెతుకు మీ కుండలోంచి తీసి పట్టారా, పక్కింటి కుండలోంచా అని అడుగుతున్నాను," అని ఆవిడ బీరపొట్టు ఎత్తుకుని లోపలికి వెళ్లింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. శేషాచలం పేపరు మడిచి, చల్లారిపోయిన కాఫీ తాగేశాడు.

*

మర్నాడు సాయంత్రం శ్రీదివ్య వచ్చింది. ముప్పై దాటని పిల్ల, స్కూలు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ల మీద సుద్దపొడి. తన పుస్తకం ప్రతి ఒకటి గుండెకు ఆనించుకుని పట్టుకుంది. ఇలా వచ్చేవాళ్లు శేషాచలానికి కొత్తకాదు. కొందరు అరటిపళ్లు తెస్తారు, కొందరు శాలువా తెస్తారు. "కూర్చోమ్మా. మొదటి పుస్తకమైనా చేయి తిరిగింది," అంటూ మొదలుపెట్టాడు.

ఆ అమ్మాయి కుర్చీ చివర కూర్చుంది. "సార్, 'తాలు' మీరు ఎక్కడ చదివారు?"

"ఎక్కడేమిటమ్మా? నీ పుస్తకంలోనే."

"పుస్తకంలో లేదు సార్."

ఆమె విషయసూచిక తెరిచి బల్ల మీద పెట్టింది. శేషాచలం కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి చూశాడు. లేదు. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

"ఏదైనా పత్రికలో చదివి గుర్తుపెట్టుకున్నారేమో అనుకున్నాను. కానీ నేను దాన్ని ఎక్కడికీ పంపలేదు సార్."

అబద్ధం నాలుక చివరదాకా వచ్చింది. ఆ పిల్ల ముఖం చూస్తే అది అక్కడే ఆగిపోయింది. "ముందుమాటలో..." అన్నాడు.

శ్రీదివ్య తల ఊపింది. ముందుమాట రాసిన పెద్దాయన చేతిరాతతో రాసిచ్చి, పుస్తకం అచ్చుకు వెళ్లేలోపే కన్నుమూశాడు. పోయిన మనిషి రాసిన దాంట్లో అక్షరం తీయడానికి ఆమెకు చేతులు రాలేదు. కథ తీసేసినా ముందుమాటలో దాని గురించి రెండు వాక్యాలు ఉండిపోయాయి. శేషాచలం ఆ పేజీ తిప్పాడు. 'తాలు కథలో కల్లం కాసే చేయి కల్లంలోని కాయ తీసుకుంటే దాన్ని ఏమనాలి? ఈ ప్రశ్న అడిగినందుకే ఈ రచయిత్రిని గుర్తుపెట్టుకోవాలి' అని ఉంది. పెద్దాయన ప్రశ్న మాత్రమే అడిగాడు. దొంగతనం అని జవాబు రాసింది తను.

"కథ ఎందుకు తీసేశావమ్మా?"

"అది మా సుబ్బరావమ్మ పిన్ని కథ సార్. యలమందయ్య గారి కల్లం ఆవిడే కాస్తుంది. కాయ ఎండినప్పుడు తెల్లబడి, పొల్లుపోయిన కాయ వస్తుంది చూడండి, తాలు. అది ఏరి పక్కన పెట్టి, కల్లం ఎత్తేరోజున ఇంటికి తీసుకెళ్తుంది. వాళ్ల అత్తగారి కాలం నుంచీ కాపలా మనిషిదే తాలు. అది మా ఊళ్లో ఆనవాయితీ. ఇదివరకు దానికి రేటు లేదు కాబట్టి ఎవరూ అడగలేదు. పోయినేడు తాలుకి కూడా మంచి రేటొచ్చింది. అప్పుడు యలమందయ్య గారు, నా కాయ ఎట్టా తీసుకుపోతావని అడిగారు. ఊళ్లో మాటలు పడ్డాయి. ఎట్లాగో సర్దుకుంది. నేను ఆవిడ వైపు నుంచే రాశాను సార్. అయినా చదివి వినిపిస్తే, వద్దే అమ్మాయ్, పేరు లేకపోయినా అది నేనేనని అందరికీ తెలిసిపోద్ది, చల్లారింది మళ్లీ కెలకొద్దు అంది. తీసేశాను."

"నేనూ పేరు రాయలేదుగా..."

"ఊరి పేరు రాశారు సార్. మా పాలెంలో తాలు దగ్గర మాటపడ్డ మనిషి ఆవిడొక్కతే."

ఊరి పేరు పుస్తకం వెనక ఆమె చిరునామాలో దొరికింది. స్థానికత ఉట్టిపడుతుందని తనే చేర్చాడు.

"నిన్న పొద్దున పేపరు చూసి యలమందయ్య గారు కబురు చేశారట. ఈ ఏడు కల్లానికి రావద్దని. 'నేనంటే కాదన్నావు, పేపరోళ్లు కూడా అదే అన్నారుగా' అన్నారట." శ్రీదివ్య పుస్తకం మూసింది. "మీ తప్పు కాదు సార్. ముందుమాటలో ఆ రెండు వాక్యాలు వదిలేసింది నేనే."

తిట్టినా బాగుండేది. ఆ పిల్ల తప్పు తన నెత్తిన వేసుకుంటుంటే శేషాచలం తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. కాసేపటికి, "ఆ కథ ఒకసారి ఇస్తావా? చదువుతాను," అన్నాడు.

"ఎవరికీ చూపించనని ఆవిడకి మాటిచ్చాను సార్." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఆఖర్న మాత్రం ఆవిడ తాలు మూట నెత్తిన పెట్టుకుని, పట్టపగలు నడిబజారులోంచి ఇంటికి నడిచి వెళ్తుంది. దాచుకోకుండా. అక్కడితో ముగించాను."

*

మంగళవారం శేషాచలం అనుబంధం చూసే సాయిరాంకు ఫోన్ చేసి సవరణ వేయమన్నాడు.

"ఏమని వేద్దాం సార్?" అన్నాడు సాయిరాం. "'తాలు కథలోని స్త్రీ దొంగ కాదు' అనా? మళ్లీ అదే మాట అచ్చవుతుంది. మొన్న చూడనివాళ్లు కూడా ఇప్పుడు చూస్తారు."

"అయితే నేను పుస్తకం చదవకుండా రాశానని వేయండి."

అవతల సాయిరాం గట్టిగా నవ్వాడు. "భలేవారే. ఆ మాట వేస్తే మిగతా సమీక్షకులంతా కట్టకట్టుకుని నా మీదికొస్తారు. ఎందుకొచ్చిన గొడవ సార్, పది రోజులు పోతే అందరూ మర్చిపోతారు. వచ్చే నెల పుస్తకాలు పంపించేస్తున్నాను, చూడండి."

శేషాచలం ఫోన్ పెట్టేసి 'పట్టా మీద ఎండ' చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి ముందుమాట దాటేసి మొదటి కథతో మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే పుస్తకంతోనే వచ్చాడు. చాలా బాగుంది. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. పత్తి తీసే ఆడవాళ్ల వేళ్ల సందుల్లో గీరుకుపోయిన గీతల గురించి ఆ అమ్మాయి రాసిన ఒక పేరా దగ్గర చాలాసేపు ఆగాడు. అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసిన పిల్లకు తాను ఇచ్చింది, అందులో లేని కథకు పొగడ్త.

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం," అంది బాలత్రిపురసుందరి మజ్జిగ పోస్తూ. "అచ్చులో జారితే ఇక చెప్పేదేముంది? ఒకసారి వెళ్లిరండి. ఫోన్లో తేలేది కాదు."

*

బుధవారం పొద్దున ప్రత్తిపాడు బస్సెక్కి, అక్కడ ఆటో మాట్లాడుకుని జాగర్లవారిపాలెం చేరాడు. పత్తి చేలు ఖాళీ అయి మోళ్లు మిగిలాయి. ఊరి పొలిమేర నుంచే రోడ్డుకు అటూ ఇటూ కల్లాలు మొదలయ్యాయి. పట్టాల మీద కాయ ఎర్రగా ఆరబోసి ఉంది. ఆటో దిగేలోపే శేషాచలానికి తుమ్ములు పట్టుకున్నాయి.

సుబ్బరావమ్మ ఒక రేకుల షెడ్డులో నలుగురు ఆడవాళ్లతో కలిసి కాయకు తొడిమలు తీస్తోంది. కల్లం పోయాక దొరికిన కూలి అది. అరవై దగ్గరపడిన మనిషి, ముక్కుకు అడ్డంగా కొంగు కట్టుకుంది. ఎవరో చెప్పగానే లేచి, చేతులకు కొబ్బరినూనె రాసుకుని, కొంగుతో తుడుచుకుంటూ బయటికొచ్చింది. షెడ్డులో మాటలు ఆగిపోయాయి.

"మీరేనా పంతులుగారూ, రాసింది?"

"నేనేనమ్మా. చదవకుండా రాశాను. తప్పయిపోయింది. అది తప్పని పేపర్లో రాస్తాను, ఎలాగైనా వేయిస్తాను..."

"వొద్దండీ." ఆవిడ గొంతు పెంచలేదు. "ఇంకోసారి రాయకండి. మీరు మంచి రాసినా నా గురించే, చెడ్డ రాసినా నా గురించే. పొద్దున్నే టీ కొట్టు కాడ చదువుకుంటారు. మీకు చెప్పాలనుంటే నోటితో చెప్పండి, ఆయనతో. ఆ ఎదురుగా కనపడే డాబా ఇల్లే."

నేను తీయలేదు అని గాని, నాకు అన్యాయం జరిగింది అని గాని ఆవిడ అనలేదు. మళ్లీ లోపలికి వెళ్లి పీట మీద కూర్చుంది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని శేషాచలం కాసేపు నిలబడ్డాడు. ఆవిడ చేతులు ఆడుతూనే ఉన్నాయి.

శేషాచలం తన పేరు చెప్పగానే యలమందయ్య అరుగు మీద నుంచి లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాస్టారూ! మా ఇంటికా! ఏమేవ్, ఎవరొచ్చారో చూడు! పేపర్లో మాస్టారు!" ఊరంతా వినపడేలా అరిచి లోపలికి తీసుకెళ్లాడు. ముందుగదిలో అద్దాల బీరువా, దాని నిండా పుస్తకాలు. "ఇవన్నీ మీరు చదవదగ్గవి అన్నవే. గుంటూరు యార్డుకి కాయ తోలినప్పుడల్లా మీ శీర్షిక కటింగ్ జేబులో పెట్టుకెళ్లి తెస్తాను. నాకు ఓపికేదండీ, మా ఆవిడ చదువుద్ది. ఒక్కటీ వదలదు."

శేషాచలం బీరువా వైపు చూశాడు. అట్టలన్నీ తెలిసినవే. చుట్టాల పెళ్లి ఫొటోల్లో చూసి గుర్తుపట్టిన ముఖాల్లా అన్నీ తెలుసు, ఎవరితోనూ మాట్లాడింది లేదు. కూర్చోమన్నా కూర్చోకుండా వచ్చిన పని చెప్పేశాడు. పుస్తకంలో ఆ కథ లేదన్నాడు. ముందుమాట చూసి, దొంగ అన్నమాట తానే కల్పించానన్నాడు. సుబ్బరావమ్మను కల్లానికి పిలవమన్నాడు.

యలమందయ్య ఓపిగ్గా విని నవ్వాడు. "మీరు పెద్దమనసున్నోళ్లు మాస్టారూ. ఆవిడ కంటతడి పెట్టుకునుంటది, మీకు జాలేసింది. దాని కోసం తప్పు మీ మీద వేసుకుంటున్నారు. చదవకుండా రాసే మనిషి మీరా? ఇన్నేళ్లుగా చూస్తున్నాంగా!"

"నిజం చెబుతున్నానండీ."

"కాఫీ తాగండి ముందు."

కాఫీ గ్లాసుతో వచ్చిన యలమందయ్య భార్య తలుపు పక్కనే నిలబడిపోయింది. శేషాచలం ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, ఇవన్నీ మీరు చదివారటగా. ఏదైనా తీసి నన్ను అడగండి."

"అయ్యో, మిమ్మల్ని నేను అడగటమేందండీ," అని ఆవిడ సిగ్గుపడింది. కానీ చేయి అప్పటికే బీరువా తలుపు తీసింది. లావుపాటి నవల ఒకటి బయటికి తెచ్చి, పమిటతో అట్ట తుడిచింది. "మీరు కనపడితే అడగాలని ఎప్పటినుంచో ఉందండీ. దీంట్లో పెద్దమ్మాయి ఊరొదిలిపోద్దిగా. తల్లి చచ్చిపోయినప్పుడు కూడా ఎందుకు రాదండీ? రెండుసార్లు చదివినా నాకు అర్థం కాలేదు."

మూడు తరాల ఆరాటం అని ఆ నవల గురించి రాసిన వాక్యం శేషాచలానికి గుర్తొచ్చింది. పెద్దమ్మాయి ఎవరో తెలియదు. "నాకు తెలియదమ్మా. నేను చదవలేదు."

ఆవిడ మొగుడి వైపు చూసి, దాన్ని లోపల పెట్టి, ఇంకో పుస్తకం తీసింది. ఈసారి సిగ్గు లేదు, ముఖంలో ఏదో ఆత్రం. "మరి ఇది? దీనికి 'కన్నీళ్లు ఆగవు' అని రాశారు. నాకు ఎక్కడా ఏడుపు రాలేదండీ. మాస్టారు అంతటోరే అన్నాక, నాకే మనసు బండబారిపోయిందేమో అనుకున్నా. మీకు ఎక్కడ వచ్చిందండీ?"

శేషాచలం తల దించుకుని, "అది కూడా చదవలేదమ్మా," అన్నాడు. ముసలితనంలో నలుగురి ముందు తప్పు ఒప్పుకోవాల్సి వస్తుందని బయల్దేరేటప్పుడే అనుకున్నాడు. ఈవిడ తన మనసును అనుమానించుకుని ఉంటుందని మాత్రం అనుకోలేదు.

ఆవిడ మూడోది తీయలేదు. చేతిలోది లోపల పెట్టి, బీరువా మూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది. యలమందయ్య చాలాసేపు అద్దాల్లోకి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కాఫీ తాగమని మళ్లీ అనలేదు. మాస్టారూ అని కూడా అనలేదు.

"ఏమండీ, మీరు రాశారని కదా నేను..." అని సగంలో ఆగి, గుమ్మంలోకి వెళ్లి ఎవరినో కేకేశాడు. "ఒరేయ్, సుబ్బరావమ్మని ఒకసారి రమ్మను!"

సుబ్బరావమ్మ వచ్చి మెట్ల కింద నిలబడింది. కొంగు ఇంకా మెడ చుట్టూ ఉంది. యలమందయ్య మాట తిప్పలేదు. ఎంత మోటుమనిషైనా తప్పు తెలిశాక నాన్చే రకం కాదు. "తొందరపడ్డాను. రేపటి నుంచి కల్లానికి వచ్చెయ్. తాలు కూడా ఎప్పట్లాగే నీదే. ఈయన ముందే చెప్తున్నా."

శేషాచలం గుండెల మీద నుంచి బస్తా దించినట్టయింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"వస్తానండీ," అంది సుబ్బరావమ్మ. "తాలు మాత్రం నాకొద్దు."

"ఎందుకొద్దు?"

"మా అత్త తీసుకుంది, నేనూ తీసుకున్నా. అప్పుడు నా మూట చూసి ఎవరూ ఏమనలేదు. ఇప్పుడు అది నెత్తిన పెట్టుకు పోతే పేపర్లో పడ్డ మాటే అందరి నోట్లోనూ. ఎంతమందికి చెప్పుకోను? కూలి ఇవ్వండి, అది చాలు."

"అలా కాదమ్మా," అన్నాడు శేషాచలం ముందుకొచ్చి. "ఆయనే ఇస్తానంటున్నారుగా. అది నీ హక్కు."

"మీరు ఊరుకోండి పంతులుగారూ," అంది ఆవిడ. కోపం లేదు. పిల్లలకు చెప్పినట్టు మెల్లిగా చెప్పింది.

యలమందయ్య కాసేపు ఆలోచించాడు. ఈ ఏడు తాలు రేటు ఆయనకు తెలియంది కాదు. "సరే, నీ ఇష్టం," అన్నాడు. రెండోసారి అడగలేదు.

శేషాచలం ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. రేపటి నుంచి రమ్మన్నా సుబ్బరావమ్మ అప్పుడే కల్లంలోకి దిగింది. పట్టా పక్కన గొంతుక్కూర్చుని, కాయ తిరగేస్తూ తెల్లబడినవి ఏరి ఒడిలో వేసుకుంటోంది. చూస్తుండగానే ఒడి నిండింది. లేచి నిలబడి, ఎప్పటి అలవాటు ప్రకారం కల్లం మూలన తన గోనె ఉండే చోటికి నాలుగడుగులు వేసింది. అక్కడ ఆగింది. వెనక్కి తిరిగి యలమందయ్య బస్తా దగ్గరికి వెళ్లి ఒడి దులిపేసింది.

భుజాన వేసుకున్న సంచిలో శ్రీదివ్య పుస్తకం నడుముకు తగులుతోంది. ఆ అమ్మాయి తీసేసిన కథలో ఈవిడ మూట నెత్తిన పెట్టుకుని నడిబజారులోంచి వెళ్తుంది. ఆ ముగింపు ఇక ఈ ఊళ్లో జరగదు.

"ఎక్కండి సార్, ప్రత్తిపాడులో బస్సు పోద్ది," అన్నాడు ఆటో అతను. శేషాచలం ఎక్కి కూర్చున్నాడు. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే, కాయ ఘాటు అలవాటు లేదని అతను జాలిపడి, వెనక సీటు పక్కన పరదా కిందికి దించాడు.